అవతలి వైపు ట్రాము

తప్పు ట్రాము ఎక్కానని సునందకు తెలిసేసరికి ఊరు సగం అయిపోయింది. కిటికీ బయట మేడలు పలచబడ్డాయి, ఎర్ర ఇటుకల పాత మిల్లు గోడ ఒకటి వచ్చి వెనక్కి పోయింది, ఆ తర్వాత కంచెలు వేసిన చిన్న చిన్న తోటలు, వాటిలో ఆకులన్నీ రాలిన చెట్లు, మనిషన్నవాడు లేని చెక్క గుడిసెలు. ఊరి నడుమకు పోయే దారిలో ఇవేవీ రావు. నంబరు చూసే ఎక్కింది, ఒకటికి రెండుసార్లు చూసింది, నంబరు సరైనదే, వైపే తప్పు. ఎడమ పక్కన బండ్లు పోయే దేశంలో పుట్టి పెరిగిన కాళ్ళు ఆత్రంలో తమకు తెలిసిన వైపే పోయి నిలబడ్డాయి. ఎమ్మిగనూరులో సోమప్ప సర్కిలు దగ్గర ఆదోని బస్సు కోసం ఏ పక్కన నిలబడాలో కళ్ళు మూసుకున్నా తెలిసిన కాళ్ళు అవి. ఇక్కడ అంతా కుడి పక్కన పోతుందని మూడు నెలలుగా తెలుసు, తెలిసి ఏం లాభం, తెలిసింది తలకే గాని కాళ్ళకు కాదు కదా. పటం మీద లోడ్జ్ అని రాసి ఉండే ఈ ఊరిని ఇక్కడివాళ్ళు వూచ్ అంటారు. రాసింది ఒకటి, పలికేది ఒకటి. మొదటి వారం ఆ పేరు తప్పు పలికి ఎంత నవ్వుకున్నారు ఇద్దరూ, తనూ, ఒకే గదిలో ఉండే సుప్రీతా. సుప్రీత. సునంద ఒళ్ళోని సంచిని రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

సంచిలో నల్ల ఫైలు, ఫైలులో ఒక కాగితం. ఆదోని డాక్టరు చేతిరాతతో పదేళ్ళ కిందట రాసి ఇచ్చిన కాగితం, ఈ అమ్మాయికి ఫలానా సూది మందు పడదు, ఇస్తే ప్రాణం మీదికొస్తుంది అని. ఒంటిగంటకు క్లాసులో ఉండగా ఫోను వచ్చింది. సుప్రీత గొంతు, నూతిలోంచి మాట్లాడినట్టు. అంబులెన్సులో తెచ్చారంట, అపెండిక్సంట, మూడు గంటలకు ఆపరేషనంట, ఏ మందు పడదో చెప్పమంటున్నారు, తనకు పేరు గుర్తు రావడం లేదు, పెట్టెలో అడుగున నల్ల ఫైలు ఉంది. "సునందా, నీవు తప్ప ఈడ నాకెవరుండారు" అంది, అంతే, ఫోను తెగిపోయింది. పందొమ్మిది రోజుల తర్వాత సుప్రీత తన పేరు పెట్టి పిలవడం అదే. సునంద హాస్టలుకు పరుగెత్తింది, కాగితం వెతికింది, ఫోటో తీసి పంపింది, ఒక్క టిక్కే పడింది, రెండోది పడలేదు. సుప్రీత మెసేజిలో పెట్టిన ఆసుపత్రి పేరు చూసి ఆ నంబరుకు చేస్తే అర్థంకాని భాషలో రికార్డు గొంతు ఏదేదో నొక్కమంది. కారు పిలుద్దామంటే యాప్‌లో పదహారు నిమిషాలు అని చూపింది, అప్పుడే కళ్ళెదురుగా ట్రాము వచ్చి ఆగింది. నంబరు అదే కదా అని ఎక్కేసింది. అదీ జరిగింది. ఎక్కినాక ఫోను తీసి పటం చూస్తే నీలం చుక్క ఆసుపత్రికి దూరంగా, ఇంకా దూరంగా జరుగుతోంది, ఇదేమిటి అని అనుకునే లోపలే, పద్నాలుగు శాతం బ్యాటరీ ఉండగానే చలికి ఫోను నల్లబడి చచ్చింది.

ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. అందరూ అంటే ముగ్గురే. డ్రైవరు ఆడమనిషి, యాభై ఏళ్ళుంటాయి, ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉంది. సునంద అద్దం మీద తట్టి, ష్పితాల్, అంది. ఆసుపత్రికి ఇక్కడి మాట అదొక్కటే వచ్చు. డ్రైవరమ్మ చాలాసేపు చెప్పింది. ఆ మాటల్లో ఒక్కటీ చేతికి దొరకలేదు, నీళ్ళలో చేపల్లాగా జారిపోయాయి. చివరికి ఆమె వేలితో అవతలి ప్లాట్‌ఫారం చూపించి, ఆ వేళ్ళే పదీ, మళ్ళీ రెండూ ఎత్తింది. పన్నెండు నిమిషాలు. ట్రాము లోపల ఎర్ర అంకెల గడియారం రెండు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. సునంద అవతలికి పోయి నిలబడింది. కూర్చునే బల్ల ఉంది గాని దాని మీద మంచు.

పన్నెండు నిమిషాలు ఏం చేయాలి. నిలబడటం తప్ప చేయగలిగింది లేనప్పుడు మనసు ఊరుకోదు, ఎక్కడికెక్కడికో పోతుంది. హాస్టలు ఆఫీసులో మొదటి రోజు తాళం చేతికిచ్చి, నీ రూములో ఇంకో ఇండియా అమ్మాయి ఉంది అన్నారు. గది తలుపు తీస్తే కిటికీ దగ్గర నిలబడి ఫోనులో కన్నడం మాట్లాడుతున్న పిల్ల, మధ్యమధ్యలో తెలుగు. మీది యాడ అని అడిగింది సునంద, అడిగాక తన యాస తనకే వినపడి సిగ్గుపడింది. ఆ పిల్ల ఫోను పెట్టేసి, ఆదోని అంది. ఆదోని. ఏడు సముద్రాల అవతల, వూచ్ అనే ఊళ్ళో, నాలుగో అంతస్తులో, ఆదోని. మాది ఎమ్మిగనూరు అంది సునంద, మధ్యలో గంట బస్సు ప్రయాణం, అంతే. ఇద్దరూ పెట్టెలు విప్పకుండా సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు, కోట కొండ గురించి, మే నెల ఎండ గురించి, బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీ మిరపకాయదా ఇంకోటా అన్న దాని గురించి కూడా. సుప్రీతవాళ్ళ నాన్న భీమరావు ఆదోనిలో బడిపంతులు, తాతల నాడు మంత్రాలయంలో మఠం సేవలో ఉన్నవాళ్ళు. ఆ వారమంతా ఊరు కలిసే తిరిగారు. ఏ దుకాణంలో కందిపప్పు దొరుకుతుంది, ఏ ట్రాము ఎక్కడ మలుపు తిరుగుతుంది, టికెట్టు ఏ మిషనులో దూర్చాలి, ఎర్ర మనిషి బొమ్మ ఉండగా రోడ్డు దాటితే ముసలమ్మలు ఎట్లా కోప్పడతారు. ఒకరు తప్పు చెప్తే ఇంకొకరు సరిదిద్దారు. అప్పుడు ఊరు కొత్తగా ఉంది గాని పరాయిగా లేదు. పరాయిగా అయింది తర్వాత.

తర్వాత అంటే ఆ గిన్నె. సుప్రీత గిన్నెలకు నీలం చీటీలు అంటించి ఉండేవి, ఉల్లిపాయ తినదు, వెల్లుల్లి తినదు, అది వాళ్ళ ఆచారం, సునందకు తెలుసు, ఆదోనిలో తెలియనిదెవరికి. ఒకరోజు జ్వరంగా ఉండి, తన గిన్నె కడగడానికి ఓపిక లేక, నీలం చీటీ గిన్నెలో కాసిని పాలు కాచుకుంది. పాలే కదా. సాయంత్రం సుప్రీత వచ్చి ఆ గిన్నె చూసింది, ఏమీ అనలేదు, సబ్బుతో కడిగింది. మళ్ళీ కడిగింది. నీళ్ళు మరగబెట్టి పోసి మూడోసారి కడిగింది. సునంద దుప్పటి కింద నుంచి చూస్తూనే ఉంది. ఏమైనా అని ఉంటే జవాబు చెప్పేది, పోట్లాడేది, పోట్లాడితే ఆ రాత్రికే తీరిపోయేదేమో. ఆ నీళ్ళు పోసిన చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది. మరుసటి రోజు నుంచి సునంద మాట్లాడలేదు. సుప్రీత రెండు రోజులు పలకరించి చూసి తనూ మానేసింది. ఒకే గదిలో రెండు మంచాల మధ్య నాలుగడుగులు, పందొమ్మిది రోజులు. సునంద కాలేజీలో వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడింది, దుకాణంలో వేళ్ళతో మాట్లాడింది, ఇంటికి ఫోను చేసినప్పుడు అంతా బాగుందని చెప్పింది. మిగిలిన రోజంతా తెలుగు నోట్లోనే నానిపోయింది. ఒకసారి ట్రాములో తనలో తను, సలి పెడ్తాంది, అని పైకే అనేసింది, పక్కనున్న ఆయన తిరిగి చూసి మళ్ళీ పేపర్లోకి పోయాడు. ఆ మాటకు ఊ కొట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరితో మాట లేదు.

అదైనా పరవాలేదు. అదంతా అయినా పరవాలేదు. పొద్దున జరిగింది వేరే. సునంద దాన్ని తలుచుకోకుండా ఉండాలని బల్ల మీది మంచును చేత్తో తుడిచింది, తుడిచిన చోట మళ్ళీ రాలుతోంది. పొద్దున ఆరు గంటలకు, ఇంకా తెల్లవారలేదు, పక్క మంచం మీద మూలుగు వినపడింది. కళ్ళు తెరిచి చూసింది. సుప్రీత మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది, దిండు నోట్లో కుక్కుకుని. ఏమైంది అని అడగాలి, నోటిదాకా వచ్చింది. అడిగితే నేనే ముందు మాట్లాడినట్టు అవుతుంది కదా అనిపించింది. కావాలంటే తనే పిలుస్తుందిలే అనిపించింది. మరగబెట్టిన నీళ్ళ చప్పుడు చెవిలో మోగింది. లేచి, మొహం కడుక్కుని, కోటు తొడుక్కుని, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని కాలేజీకి పోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది, అదొక్క మర్యాద చేసింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ పిల్ల ఒక్కతే అట్లా పడి ఉంది.

ట్రాము వచ్చింది. ఎక్కింది. ఎక్కాక గుర్తొచ్చింది, ఎక్కడ దిగాలో తెలియదని. ఆసుపత్రి పేరు ఫోనులో ఉంది, ఫోను చచ్చింది. ఈ ఊళ్ళో ఎన్ని ఆసుపత్రులున్నాయో. ఎదురు సీట్లో గుడ్డ సంచీ పట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని. సునంద ఆమె దగ్గరికి పోయి, ప్షెప్రషమ్, ష్పితాల్, అంది, క్షమించండి అని ముందు చేర్చి. ముసలామె, క్తూరి, అంది. కస్తూరి అన్నట్టు వినపడింది. మళ్ళీ, క్తూరి, క్తూరి, అని రెండు చేతులూ విప్పింది. ఏది, ఏ ఆసుపత్రి అంటోంది కాబోలు. సునందకు ఏడుపొచ్చింది. పేరు రాదు, వీధి రాదు. ఏమొస్తుంది మరి? కళ్ళు మూసుకుంది. ఫోను పటం కళ్ళ ముందుకు వచ్చింది, ఆకుపచ్చ రంగులో పొడవుగా పరిచిన ఒక పెద్ద పార్కు, దాని కొస దగ్గర అడ్డంగా కోసుకుంటూ పోయే రైలు గీత, గీతకు అవతల మూలలో ఎర్ర గుర్తు. ట్రాము కిటికీ అద్దం లోపలి ఆవిరికి పాలలాగా ఉంది. సునంద వేలితో దాని మీద పార్కు గీసింది, రైలు పట్టా గీసింది, ఎర్ర గుర్తు ఉన్నచోట కూడిక గుర్తు పెట్టింది. ముసలామె మెడ చాచి చూసింది. చేతి తొడుగు విప్పి, ముడతలు పడిన వేలు పెట్టి, పార్కు పక్కన ఇంకో గీత గీసింది, ఇది మనం ఉన్న ట్రాము అన్నట్టు. వెనక సీటాయన లేచి వచ్చి, కాదు కాదు అన్నట్టు తలాడించి, ఆ గీతను కొంచెం వంచాడు. ఇద్దరూ వాదించుకున్నారు. సునంద వాళ్ళ మొహాలు మార్చి మార్చి చూసింది. చివరికి ముసలామె అద్దం మీద ఒకచోట వేలితో గట్టిగా పొడిచింది, అక్కడ దిగాలని. ఆ చుక్కలోంచి బయటి వెలుతురు చిన్నగా కనపడింది. నాలుగు స్టాపుల తర్వాత ఆమే బటను నొక్కి, సునంద మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా తోసి, చేత్తో నేరుగా చూపిస్తూ, ప్రోస్తో, ప్రోస్తో, అంది. నేరుగా పో అని. థాంక్సు చెప్పే లోపల తలుపులు మూసుకున్నాయి.

నేరుగా నడిచింది. పార్కు ఎడమ పక్కన ఉంది, ఇనుప కంచె, కంచె లోపల నల్లటి మానులు. మంచు పెద్దగా పడటం మొదలైంది. ఇక్కడికి రాకముందు మంచు ఎట్లా ఉంటుందో అని తలుచుకుంటే ఆదోనిలో జిన్నింగు మిల్లుల పక్క వీధులే గుర్తొచ్చేవి. పత్తి కాలంలో గాల్లో తేలే పింజలు, తీగల మీద, రేకుల మీద, మనుషుల వెంట్రుకల మీద వాలే పింజలు, అట్లాగే ఉంటుందని అనుకుంది. అట్లా లేదు. ఇది ముట్టుకుంటే పొడుస్తుంది, కరిగి మెడలోకి దిగుతుంది. పింజలకు వాసన ఉంటుంది, నూనె కలిసిన పచ్చి వాసన. దీనికి ఏ వాసనా లేదు. చప్పుడూ లేదు. అదే భరించలేకపోయింది సునంద ఈ ఊళ్ళో, చప్పుడు లేకపోవడం. ఎమ్మిగనూరులో చిన్నప్పుడు కరెంటు పోతే చీకట్లో ఇల్లు వెతుక్కోవడానికి దీపం అక్కర్లేదు, చెవులు చాలు. దుర్గప్ప మామ మగ్గం కొంచెం కుంటి, రెండు దెబ్బలకు ఒకసారి ఆగుతుంది. మూలింటి సావిత్రమ్మ అవ్వ రాట్నం కీచుమంటుంది. నాన్న మద్దిలేటి మగ్గం ఆగకుండా ఒకే లెక్కన కొడుతుంది, అది వినపడితే ఇల్లు వచ్చినట్టు. తర్వాత తర్వాత ఆ వీధిలో మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి, దుర్గప్ప మామ బెంగళూరు పోయి కాపలా పనిలో చేరాడు, అయినా నాన్న మగ్గం ఆగలేదు. ఇక్కడ పక్క గదిలో మనిషి ఉన్నాడో లేడో కూడా వినపడదు. వినపడినది ఒక్కటే, పొద్దున ఆరింటికి, ఆ మూలుగు. విని ఏం చేసింది.

రోడ్డు రెండుగా చీలింది. ముసలామె నేరుగా అంది గాని ఇక్కడ నేరుగా లేదు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. సునంద ఆగిపోయింది. చుట్టూ ఒక్క మనిషి లేడు. ఆగిపోగానే ఎనిమిదేళ్ళ వయసులో ఆదోని గుర్తొచ్చింది, నేసిన చీరలు షావుకారుకు ఇచ్చిరావడానికి నాన్న వెంట పోయిన రోజు. పత్తి లారీలు బారులు తీరిన రోడ్డు, బోరాల మీద నిలబడి కేకలేస్తున్న హమాలీలు, ఆ వింత చూస్తూ నాన్న వేలు వదిలేసింది. తిరిగి చూస్తే నాన్న లేడు. నాన్న ముందే చెప్పి ఉన్నాడు, తప్పిపోతే యాడికీ పోవద్దు, ఉన్నసోటే నిలబడు, నేనే వస్తా, అని. నిలబడింది. సోడా బండి పక్కన, ఏడవకుండా, ఎండలో, ఎంతసేపో. ఎవరెవరో వచ్చి అడిగారు, పేరేంది, ఊరేంది, రా పాపా పోలీసు స్టేషనుకు పోదాం అన్నారు, రానంటే రానంది. నాన్న వచ్చాడు. తిట్టలేదు. చెయ్యి పట్టుకున్నాడు, ఇంటికి వచ్చేదాకా బస్సులో కూడా వదల్లేదు. నిలబడితే వస్తారు అని ఆ రోజు నుంచి సునంద ఒంట్లో నాటుకుపోయింది. ఈ పందొమ్మిది రోజులూ అదే కదా చేసింది, ఉన్నచోటే నిలబడి సుప్రీత వచ్చి అడగాలని చూసింది. సుప్రీత కూడా ఆ పక్కన నిలబడే ఉండొచ్చు. ఇప్పుడు నిలబడితే ఎవరూ రారు. నాన్న రాడు. మూడు గంటలకు ఆ పిల్లను లోపలికి తీసుకుపోతారు. రైలు కూత వినపడింది, ఎడమ వైపు నుంచి. రైలు గీతకు అవతల ఎర్ర గుర్తు. సునంద ఎడమకు పరుగెత్తింది.

వంతెన కిందగా రోడ్డు పోయింది, అక్కడ నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. జారి మోకాలి మీద పడింది, పడుతూ సంచిని పైకెత్తి పట్టుకుంది. అవతల చెత్తబండి దగ్గర పని చేస్తున్న ఒకతను చూసి చెయ్యి అందించాడు. ష్పితాల్, అంది, ఇంక ముందూ వెనకా ఏ మాటా లేకుండా. అతను నవ్వలేదు, విసుక్కోలేదు, ఆమె భుజం పట్టి అటు తిప్పాడు. ఎదురుగానే ఉంది, ఇంత పెద్ద కట్టడం, ఆ మంచులో కనపడలేదు అంతే. మొదటి గేటు మూసి ఉంది. గోడ వెంట పోయి రెండో గేటులో దూరింది. గాజు అద్దం వెనక కూర్చున్న ఆమెకు ఫైలులోనే ఉన్న సుప్రీత పాస్‌పోర్టు ఫోటో చూపించి, ఆపరేషన్, అని, కాగితం తీసి అద్దానికి ఆనించి పట్టుకుంది. గోడ గడియారంలో మూడుకు ఇంకా తొమ్మిది నిమిషాలు. అద్దం వెనకామె ఫోను ఎత్తింది. నీలం బట్టల నర్సు ఒకామె మెట్లు దిగి వచ్చి, ఆదోని డాక్టరు చేతిరాత కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, మందు పేరు పైకి పలికింది. ఆ పేరొక్కటే ఆదోనిలోనూ ఇక్కడా ఒకే తీరుగా ఉంది. సునంద గట్టిగా తలూపింది. నర్సు కాగితం తీసుకుని మెట్లు రెండేసి ఎక్కిపోయింది. కాసేపటికి ఇంగ్లీషు వచ్చిన కుర్ర డాక్టరు వచ్చి, మందు మార్చాం, ఇప్పుడే మొదలుపెడుతున్నాం, ఇక్కడ కూర్చో అన్నాడు. కాగితం కోసమే ఆగామని కూడా అన్నాడు. సునంద కూర్చుంది. కూర్చున్నాక మోకాలు నొప్పి పుట్టింది, చూస్తే ప్యాంటు చిరిగి రక్తం గడ్డకట్టి ఉంది.

గోడకు ప్లగ్గు చూసి సంచిలోని చార్జరుతో ఫోను పెట్టింది. తెల్లటి పొడవాటి వరండా, ఎవరో తోసుకుపోతున్న బండి చక్రాల చప్పుడు. ఫోనుకు ప్రాణం వచ్చిన మరు నిమిషమే మోగింది. ఇండియా నంబరు, తెలియని నంబరు. ఎత్తగానే ఆడగొంతు, కన్నడంలో.

"సునందా ఏనమ్మా? నాను సుప్రీత అమ్మ. సుప్రి ఫోన్ యాకె ఆఫ్ ఇదె?"

మీనాక్షమ్మ. సుప్రీత అమ్మ, సుప్రి ఫోను ఎందుకు ఆఫ్ అయి ఉందని అడుగుతోంది. సాయంత్రం నుంచి కూతురి ఫోను కలవక, ఎప్పుడో రాసిపెట్టుకున్న ఈ నంబరు వెతికి చేసింది. అక్కడ దీపాలు పెట్టే వేళ దాటి ఉంటుంది. సునందకు కన్నడం అర్థమవుతుంది, ఆ పక్క ఊళ్ళలో ఎవరికి కాదు. తెలుగులోనే, మాట మాట ఏరుకుని, భయపడొద్దని ముందు చెప్పి, అపెండిక్స్ అని, ఆపరేషను జరుగుతోందని, డాక్టరు బాగుంటుందన్నాడని చెప్పింది. ఆ సూది, అంది మీనాక్షమ్మ, ఆమెకు ఆ సూది పడదు. కాగితం తెచ్చి ఇచ్చినానమ్మా, మందు మార్చినారు, అంది సునంద. అప్పుడు ఆ గొంతు కట్ట తెగినట్టు కన్నడంలోకి పోయింది. మంత్రాలయం స్వామి, రాయరు కాపాడాడంది. ఇంట్లో ఆయన లేడు, బళ్ళారిలో బంధువుల ఇంటికి పోయాడు, ఫోను ఎత్తడం లేదు, తను ఒక్కతే ఉన్నానంది. పిల్లను అంత దూరం పంపి మూడు నెలలుగా నిద్రపోతున్నానంటే నీ వల్లనేనమ్మా, అంది.

"నమ్మవరే అంత హేళిద్దళు సుప్రి. యార మనెయవరమ్మా నీవు?"

మనవాళ్ళే అని చెప్పింది సుప్రి. ఎవరింటి అమ్మాయివి నువ్వు. సునంద గోడకు తల ఆనించింది. అయితే అట్లా చెప్పి ఉంది. మొదటి నుంచీ. వూచ్ పేరు తప్పు పలికి నవ్వుకున్న ఆ వారంలోనే చెప్పి ఉంటుంది, గిన్నెకు ఎంతో ముందు. కోపం కావాలని చూసింది గాని కోపం రాలేదు, దానికి కూడా ఓపిక కావాలి. అవును మీవాళ్ళమేనని కన్నడంలో నాలుగు మాటలు అనేస్తే సరిపోతుంది, ఆ తల్లి ఈ పూటకు నెమ్మదిగా ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. కానీ పొద్దున్నుంచి మోస్తున్నదే బరువుగా ఉంది, ఇంకోటి ఎత్తుకోలేననిపించింది.

"అమ్మా, మేము మీవాళ్ళం కాదు. మాది ఎమ్మిగనూరు. మగ్గం నేసేటోళ్ళం."

అటు నుంచి మాట లేదు. ఫోను తెగిందేమో అని చూస్తే తెగలేదు, అంకెలు నడుస్తూనే ఉన్నాయి. ఆదోనిలో ఆ ఇల్లు వినపడింది. కుక్కరు కూత, వీధిలో మోటరు సైకిలు, పక్కింటి టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఎంత చప్పుడు. సునంద ఆ చప్పుళ్ళన్నిటినీ దాహంగా విన్నది, ఆమె ఏమన్నా అననీ, ఫోను మాత్రం పెట్టేయకుంటే బాగుండు అనుకుంది. చాలాసేపటికి మీనాక్షమ్మ, ఈసారి తెలుగులో, నెమ్మదిగా అడిగింది.

"ఆ ఊర్లో దోవ యెట్ల తెలిసిందమ్మా నీకు?"

"తెలియలేదమ్మా. అడుగుతా అడుగుతా వచ్చినా."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత, ఫోను పెట్టొద్దమ్మా, అంది మీనాక్షమ్మ, మాట్లాడకున్నా సరే, పెట్టొద్దు. సునంద పెట్టలేదు. నేల మీద ప్లగ్గు పక్కన చతికిలబడి ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది. అక్కడ ఆమె స్టవ్వు ఆపింది, తలుపు గడియ వేసింది, కుర్చీ జరిపి కూర్చుంది, ఏదో స్తోత్రం గొంతులోనే చదువుకుంది. ఇక్కడ బండ్లు పోయాయి, వచ్చాయి. కిటికీ బయట వెలుగు నీలంగా మారింది.

కుర్ర డాక్టరు టోపీ తీసుకుంటూ వచ్చి, అయిపోయింది, బాగుంది, అన్నాడు. సునంద ఆ మాట తెలుగు చేసి ఫోనులో చెప్పింది. అటు ఏడుపు వినపడింది, అది ఆగేదాకా ఉంది. మీనాక్షమ్మ చివరికి గొంతు సవరించుకుంది. "నీవు మావాళ్ళ పిల్లవు కాదని నాకు తెలిసిందని ఆమెకు సెప్పొద్దమ్మా. ఆమే సెప్పనీ, ఎప్పుడు సెప్తే అప్పుడు" అంది. సరేనంది సునంద. ఫోను పెట్టేశాక వరండా మళ్ళీ అంతకు ముందులాగే నిశ్శబ్దమైపోయింది.

కాసేపటికి లోపలికి రానిచ్చారు. సుప్రీత తెల్లటి దుప్పటి కింద చిన్నపిల్లలాగా ఉంది, పెదవులు ఎండి, చేతికి గొట్టం. కళ్ళు సగం తెరిచి చూసింది, చూసిందో లేదో తెలియదు, మళ్ళీ మూసుకుంది. సునంద పక్కన నిలబడింది. నోట్లో నానిపోయిన తెలుగు బయటికి రావడానికి కొంచెం సేపు పట్టింది.

"పొద్దున నువ్వు మూలుగుతాంటే విన్నా, సుప్రీతా. విని కూడా పోయినా."

సుప్రీత ఊపిరి అట్లాగే నెమ్మదిగా నడుస్తోంది. మొహంలో ఏ కదలికా లేదు. వినలేదు. మత్తు దిగి లేచాక మళ్ళీ చెప్పాలి, అప్పుడు ఆ కళ్ళు తెరిచి ఉంటాయి. సునంద గోడ దగ్గరి కుర్చీని చప్పుడవుతున్నా సరే మంచం పక్కకు లాక్కుని కూర్చుంది.